మా బావ అచ్చువేసిన బహుమతి

మా బావ పోయి ఏడాది కావస్తోంది. మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన గురించి ఏదో ఒక సంగతి తలుచుకుని నవ్వుకుంటాం. ఆ సంగతుల్లో అక్క మళ్లీ మళ్లీ చెప్పించుకునేది ఇదొక్కటే. అది జరిగిన రోజు ఒంట్లో బాగాలేక తను సభకి రాలేదు. నేనున్నాను.

బావ యూనివర్సిటీలో సైన్సు విభాగాలన్నిటికీ కలిపి ఉన్న ఆఫీసులో గుమాస్తా. ఆయన గది మెట్ల కింద ఉండేది. కప్పు వాలుగా దిగడం వల్ల బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ బాగానే ఉండేది, ఉత్సాహం వచ్చి లేచాడా, నెత్తి బొప్పి కట్టేది. ఆయనకి ఉత్సాహం తరచూ వచ్చేది.

ప్రతి నెలా మొదటి సోమవారం అక్కణ్ణించి ‘వార్తలు – విజయాలు’ అనే నాలుగు పేజీల పత్రిక వెలువడేది. రాసేది ఆయనే, ఫొటోలు తీసేది ఆయనే, ప్రెస్సుకి మోసుకెళ్లేదీ గదిగదికీ తిరిగి పంచేదీ ఆయనే. చదివేది కూడా ఆయనొక్కరే అని మా అక్క అనేది కానీ, అది అన్యాయం. తమ పేరు పడిన నెల ప్రతివాళ్లూ చదివేవాళ్లు.

"విజయం లేని మనిషి ఉండడు బామ్మర్దీ. అడిగే దిక్కులేక లోపల దాచుకుంటాడంతే" అనేవాడు బావ.

అడిగే దిక్కు తనే అయ్యాడు. ఫిజిక్సు వరండాలో ఆగిపోయిన గడియారం మళ్లీ నడిస్తే ‘కాలాన్ని కదిలించిన భౌతికశాస్త్ర విభాగం’ అని వేశాడు. చచ్చిందని బయట పడేసిన మొక్క చిగురు వేస్తే బోటనీకి ముందు పేజీ ఇచ్చాడు. జువాలజీ లాబ్‌లోంచి తప్పించుకున్న ఎలుక ఆకలికి తాళలేక బోనులోకి తిరిగొస్తే, ‘సెలవు ముగించుకుని విధుల్లో చేరిన ఎలుక’ అని రాసి, దాని ఫొటో కూడా వేశాడు. ఆ నెల పత్రికని జనం అడిగి మరీ పట్టుకెళ్లారు.

"ఊరందరి ఘనకార్యాలూ రాస్తారు. ఇన్నేళ్లుగా మిమ్మల్ని భరిస్తున్నానే, నా గురించి ఒక ముక్క రాశారా?" అనేది అక్క.

"ప్రయోగం ఇంకా నడుస్తోందిగా. ఫలితం తేలకుండా రాయకూడదు" అని చెప్పులు దొరికినా దొరక్కపోయినా బయటపడేవాడు.

బావకి ఒక అలవాటుండేది. ఎవరికైనా బహుమతి రావచ్చని తెలిస్తే వచ్చినట్టొకటీ రానట్టొకటీ రెండు వార్తలు ముందే రాసి ప్రెస్సులో పెట్టేవాడు. ఫలితం తెలిశాక ఫలానాది వేయమని చెప్పేవాడు. రాళ్ల మాస్టారి విషయంలోనూ అదే చేశాడు. జియాలజీ చెప్పే ఆయన్ని అందరూ రాళ్ల మాస్టారనే పిలిచేవాళ్లు. ఆయన పేరు ఎక్కడో పెద్ద బహుమతికి పరిశీలనలో ఉందని కబురొచ్చింది. బావ రాసిన రెండు వార్తల్లో ఒకటి పొడుగు: ‘బహుమతి రాకపోయినా పరిశీలనలోకి రావడమే ఒక విజయం’ అంటూ అరపేజీ సాగింది. రెండోది పొట్టి: ‘మన రాళ్ల మాస్టారికి ఉత్తమ పరిశోధకుడి బహుమతి. అభినందనలు.’

బహుమతి రాలేదు. పొడుగుది వేయమని బావ చెప్పే వచ్చాడు. కానీ ప్రెస్సు ఆయన చూస్తే పేజీలో అంత చోటు లేదు. పొట్టిది చక్కగా సరిపోయింది. వేసేశాడు.

పంచడం అయ్యాకగానీ బావ తన పత్రిక తాను చదవలేదు. చదివి దిగ్గున లేచాడు. తల కప్పుకి కొట్టుకుంది. ఆ తల రుద్దుకుంటూ రాళ్ల మాస్టారింటికి ఎలా పరిగెత్తాడో నాకు తర్వాత చెప్పాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. మాస్టారి అత్తగారు మోకాళ్ల నొప్పులకి వైద్యం చేయించుకోవడానికి వచ్చి కూతురింట్లో ఉంటోంది. అల్లుణ్ణి ఆవిడ ఏనాడూ నేరుగా పలకరించి ఎరగదు. ఏదైనా చెప్పాలంటే, "మీ ఆయన్ని కాళ్లు కడుక్కోమనవే" అని కూతురితోనో, కూతురు లేకపోతే గోడతోనో చెప్పేది. అల్లుడు కిటికీల్లో, మంచం కింద, చివరికి పప్పు డబ్బాల పక్కన కూడా రాళ్లు పెడతాడు. "బంగారమా అంటే కాదట. వజ్రమా అంటే కాదట. మరి ఎందుకమ్మా ఇంట్లోకి మోసుకురావడం?" అనేది ఆవిడ బాధ.

అలాంటి ఆవిడ గుమ్మంలో కూర్చుని, పోయే వచ్చే వాళ్లకి పత్రిక చదివి వినిపిస్తోంది. బావని చూసి, "రా నాయనా, నువ్వేనా ఇది రాసింది? చల్లగా ఉండు! మా అల్లుడుగారు లోపల కాఫీ తాగుతున్నారు, వెళ్లు" అంది.

లోపల రాళ్ల మాస్టారు గోడకి అతుక్కుపోయి నిలబడి ఉన్నాడట, చేతిలో తాగని కాఫీతో.

"ఎడిటరుగారూ, పొద్దున ఆవిడ నన్ను అల్లుడుగారూ అని పిలిచింది. వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను" అన్నాడు మాస్టారు గుసగుసగా.

"తప్పు జరిగిపోయింది మాస్టారూ. వచ్చే నెల సవరణ వేసేస్తాను."

"వేయండి. కానీ ఆవిడ ఊరెళ్లాక వేయండి. మీకు దణ్ణం పెడతాను. పెళ్లయిన ఇన్నేళ్లకి ఈ పూటే సుఖంగా భోంచేశాను."

బావకి సరే అనక తప్పలేదు. అనేసి ఆఫీసుకి వస్తే అక్కడ తూకం మేడమ్ కూర్చుని ఉంది. కెమిస్ట్రీ హెడ్డు. తన లాబ్‌లో మిల్లీగ్రాము తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచీ చేయిస్తుందని ఆవిడకి ఆ పేరు.

"వచ్చే సంచికలో సవరణ రావాలి. రాకపోతే నేను డీన్‌గారికి చెబుతాను. సైన్సు వాళ్ల పత్రికలో అబద్ధమా?" అని లేచి వెళ్లిపోయింది.

వచ్చే నెల సంచిక నాటికి అత్తగారి వైద్యం సగం కూడా కాదు. ఇక బావకి మిగిలింది నేను. నేను పక్క భవనంలో సాహిత్యం చెప్పుకునేవాణ్ణి. సైన్సు వాళ్ల లెక్కలో నేను పనికొచ్చేది బావ పత్రికలో అచ్చుతప్పులు దిద్దడానికి మాత్రమే.

"బామ్మర్దీ, నేనొకటి కనిపెట్టాను" అన్నాడు కళ్లు మెరిపిస్తూ. "ఆ పొట్టి వార్తలో బహుమతి ఎవరిచ్చారో లేదు! అంటే మనమే ఇచ్చేస్తే అచ్చయింది నిజమైపోతుంది. సవరణతో పనే లేదు."

"వార్త ముందొచ్చి బహుమతి తర్వాత రావడమేంటి బావా?"

"పిడుగు వెలుగు ముందు కనిపించి చప్పుడు తర్వాత వినిపించడంలా? ప్రకృతి ధర్మమే."

డీన్‌గారి దగ్గరకి వెళ్లి, మన విభాగాలకి సొంతంగా ఉత్తమ పరిశోధకుడి బహుమతి ఒకటి ఉండాలని ఒప్పించాడు. డీన్‌గారు మురిసిపోయారు. నియమాలు రాయమని బావకే చెప్పారు. అంతా సజావుగా ఉందనుకునేలోగా ఆయన కమిటీ వేశారు. బహుమతుల మీద తీర్పు చెప్పాలంటే బహుమతి వచ్చిన అనుభవం ఉండాలి కదా అని, పత్రిక చూసి, రాళ్ల మాస్టార్నే అధ్యక్షుణ్ణి చేశారు. పద్ధతి ప్రకారం జరగాలని తూకం మేడమ్‌ని వేశారు. సైన్సు తెలియనివాడైతే ఎవరి పక్షమూ వహించడని నన్ను వేశారు.

తూకం మేడమ్ మొదటి రోజే ఇంకో నియమం పెట్టింది. దరఖాస్తుల మీద పేర్లుండకూడదు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో బావకి తప్ప ఎవరికీ తెలియకూడదు.

మా బావ బెదరలేదు. రాళ్ల మాస్టారికి చెబితే ఆయన ఒప్పుకోడు కాబట్టి చెప్పలేదు. ఆయన తరఫున దరఖాస్తు తనే రాశాడు. నా దగ్గరకొచ్చి, "ఏడో నంబరు. కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నాడు.

"జడ్జీకే బహుమతి ఇవ్వచ్చా బావా?"

"ఇవ్వకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. నేనే కదా రాశాను."

కమిటీ కూర్చున్న గదిలో పెద్ద బల్ల, మూడు కుర్చీలు, ఆగకుండా కిర్రుమనే ఫ్యాను. ఆరో నంబరు దాకా ప్రశాంతంగా నడిచింది. ఏడోది తీసుకుని చదువుతున్న రాళ్ల మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి.

"ఎవరండీ వీడు? వినండి: ‘ఆ శిలలు మాట్లాడవు, కానీ ఆయన వింటారు. కోట్ల ఏళ్ల చలికి వణికి వణికి గట్టిపడిన గ్రానైటు గుండెలో ఆయన నిప్పును చూశారు.’ గ్రానైటు చలికి వణకడమేంటి! అది కరిగిన రాయి, నేల లోపల నెమ్మదిగా చల్లారితే గట్టిపడుతుంది!"

"భాష బాగుంది కదండీ" అన్నాను.

"బాగుంటే మీ విభాగంలో బహుమతివ్వండి" అంది తూకం మేడమ్.

"ఇంకా ఉంది. ‘అగ్నిపర్వతం కన్నబిడ్డ అయిన ఇసుకరాయి’ అట! ఇసుకరాయికీ అగ్నిపర్వతానికీ చుట్టరికం కలిపాడు! ఇది నా విభాగం వాడే అయ్యుంటాడు. ఇలాంటివాణ్ణి నా కిందే పెట్టుకుని ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయాను. సున్నా!"

"పూర్తిగా సున్నానా మాస్టారూ? ఏదో ఒకటి ఇవ్వండి" అని బతిమాలాను.

"సైన్సులో దయ పనికిరాదండీ" అని సున్నా చుట్టి, దాని చుట్టూ మళ్లీ ఒక సున్నా చుట్టాడు.

చివరికి అందరికన్నా ఎక్కువ మార్కులు మూడో నంబరుకి వచ్చాయి. అది, కప్పలు వానకి ముందు ఎలా అరుస్తాయో, తర్వాత ఎలా అరుస్తాయో చెరువుగట్ల మీద తడుస్తూ కూర్చుని రికార్డు చేసిన జువాలజీ అమ్మాయిదని తర్వాత తెలిసింది. నిజంగానే మంచి పని.

బావకి చెప్పేటప్పటికి ఆయన నేల మీద కూలబడ్డాడు. "ఆయన దానికి ఆయనే సున్నా వేసుకున్నాడా? ఎంత నిజాయితీపరుడోయ్!" అని ముందు మెచ్చుకుని, తర్వాత ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడిక దాచి లాభం లేక, వెళ్లి మాస్టారితో చెప్పేశాడు.

"అంటే ఆ వణికే గ్రానైటు మీరు రాశారా?" అన్నాడు మాస్టారు.

"అవునండీ."

"మార్కులు మార్చను."

"మార్చమని అడగట్లేదండీ. రేపు బహుమతి ఇచ్చే సభకి మీ అత్తగారు రాకుండా చూడమంటున్నాను."

"ఆవిడ ముందు వరసలో కుర్చీ కావాలని కబురు పెట్టి కూడా అయింది" అన్నాడు మాస్టారు నీరసంగా.

మర్నాడు హాలు నిండింది. అత్తగారు కర్ర పట్టుకుని, ఇరుగమ్మనీ పొరుగమ్మనీ వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంది. రాళ్ల మాస్టారు మైకు ముందుకొచ్చి, కప్పల అమ్మాయి పేరు చదివాడు. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి సర్టిఫికెట్ అందుకోవడానికి మెట్లెక్కుతుండగా ముందు వరసలో కర్ర టక్కుమంది.

"మరి మా అల్లుడుగారిదేదీ?" అని అత్తగారు గట్టిగా అడిగింది.

బావ కెమెరా వెనక దాక్కున్నాడు. మాస్టారు చెప్పడం మొదలుపెట్టాడు. రాయి పొరలు చెప్పినట్టు అడుగునుంచి పైకి: రాని బహుమతి, పొట్టి వార్త, పేజీలో చోటు, తను మూసుకున్న నోరు, ఏడో నంబరు, సున్నా. ఏదీ దాచలేదు. కాళ్లు మాత్రం వణుకుతున్నాయి. గ్రానైటు సంగతి నాకు తెలియదుగానీ, జియాలజీ వణకడం ఆరోజు కళ్లారా చూశాను.

అత్తగారు అంతా విని, "మీ దానికి మీరే సున్నా వేసుకున్నారా?" అంది.

"అవునండీ."

"అర మార్కైనా వేసుకోవాల్సింది. నా పరువు కోసం కాదు, ఆకలేసినవాడికి అన్నం పెట్టినట్టు."

హాలు గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. బావ వైపు కర్ర చూపించి, "నాయనా, ఆ రాసిందేదో ఒకసారి చదువు" అంది.

తూకం మేడమ్ వద్దంటుందేమో అని బావ అటు చూశాడు. "చదవండి. ఆధారం అందరి ముందూ ఉండాలి" అంది మేడమ్. బావ గొంతు సవరించుకుని చదివాడు. అత్తగారికి కళ్లు చెమర్చాయి.

"ఎంత బాగుందమ్మా! ఇన్నేళ్లలో ఇతను రాళ్ల గురించి నాకొక్క ముక్క చెప్పలేదే!" అంది పొరుగమ్మతో.

"అది తప్పండీ!" అన్నాడు మాస్టారు. అత్తగారి మాటకి ఎదురు చెప్పడం ఆయన జీవితంలో అదే మొదలు. "ఇసుకరాయి అగ్నిపర్వతంలోంచి రాదు. మన కిటికీలో ఎర్రగా ఉంటుందే, అది ఒకప్పుడు నది ఒడ్డు. నీళ్లు తెచ్చి పోసిన ఇసుక పొర మీద పొర పడి, బరువుకి అణిగి, రాయైంది."

"నది ఒడ్డా? మన కిటికీలోదా?"

"దాని మీద గీతలు చూడలేదూ? నీళ్లు అలలుగా కదిలిన గుర్తులు అవి."

"నేను దాని మీద గ్లాసు పెడుతున్నాను కదయ్యా! ముందే చెప్పొద్దూ?" అంది ఆవిడ. తర్వాత కాస్త ముందుకి వంగి, "అయితే ఆ అలలు ఎటునుంచి ఎటు వెళ్లాయో కూడా తెలుస్తుందా?" అని అడిగింది.

మాస్టారి మొహం వెలిగిపోయింది. స్టేజి దిగి వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, చేతిలో ఉన్న కాగితం తిరగేసి, నీళ్లు ఇటు, ఇసుక ఇటు, ఏటవాలు ఇటు అని గీయడం మొదలుపెట్టాడు. ఇరుగమ్మ కళ్లజోడు పెట్టుకుంది. తూకం మేడమ్ కూడా వెనక నిలబడి మెడ సాచింది. ఎవరికీ ఇంటికి వెళ్లాలని లేదు.

స్టేజి మీద ఒంటరిగా మిగిలిపోయిన కప్పల అమ్మాయి కాసేపు చూసి, మెల్లిగా దిగి వచ్చింది.

"సార్, అది నా సర్టిఫికెట్."

"ఒక్క నిమిషం ఉండమ్మా, ఇంకో పొర ఉంది" అంది అత్తగారు.