పెద్దది లేని బొరియ

పట్టుకున్న ప్రతి ఆడ ఎలుకనూ వెల్లకిలా తిప్పి, ఎలుకలక్క దాని పొట్ట మీద మెల్లగా ఊదుతుంది. బొచ్చు విడిపోతే రొమ్ములు ఉబ్బాయో లేదో తెలుస్తుంది. పరిశోధన వాళ్ళ కోసం బీడులో అడవి ఎలుకల్ని పట్టి, చూసి, వదిలేయడం ఆమె ఉద్యోగం. మోకాళ్ళు కాయలు కాశాయి, వేళ్ళ నిండా పంటి గాట్లే. ఆ ఏడు వానల్లేక గడ్డి మాడిపోయింది. అలాంటప్పుడు బొరియలో పెద్ద ఆడది ఒక్కటే పిల్లల్ని పెడుతుంది. ఇంకొకటి పెడితే ఆ కూనల్ని బతకనివ్వదు. ఒక బొరియలో చిన్న ఆడది మొదటిసారి ఈనిన రోజున ఎలుకలక్క అక్కడే తచ్చాడింది. సాయంత్రం పెద్దది ఒక పసికూనను బయటికి ఈడ్చుకొచ్చి తల కొరికేసింది. రెండోదాని కోసం మళ్ళీ లోపలికి దూరబోతుంటే, ఆమె వట్టిచేత్తో దాని మెడ పట్టుకుంది. అది బొటనవేలిని ఎముక దాకా కొరికినా వదలకుండా బోనులో కుక్కింది.

"ఏంటక్కా, అత్తగారిని జైల్లో పెట్టావా?" అన్నాడు జీపు డ్రైవరు. "చూడ్డమే మన పని, వేలు పెట్టొద్దన్నారు కదా సారు!"

"పెట్టాను, కొరికించుకున్నాను. నువ్వు బండి తియ్యి. పసివాళ్ళు కళ్ళు తెరిచేదాకా ఇది నా దగ్గరే."

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి బొరియ ముందు మట్టి నెత్తురుతో తడిసి ఉంది. పెద్దరికం కోసం మిగతా ఆడవన్నీ కొట్టుకున్నాయి. కూనల్లో ఒక్కటీ మిగల్లేదు. వాటి తల్లి, ఆ చిన్నది, పొట్ట చీలి ఇంకా ఊపిరి తీస్తోంది. రెండు ఎలుకలు ఒకదాన్నొకటి కరుచుకుని దొర్లుతున్నాయి. ఎలుకలక్క బోను తెచ్చి తలుపెత్తింది. పెద్దది బయటికి రాగానే అవి విడిపోయి నేలకు కరుచుకుపోయాయి. అది వాటి మీదుగా నడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని, కట్టు లేని చేత్తో మెడ విరిచింది.