వెనక్కి చూడకూడని మందు

తార్మా ఊరి పై వాడలో సతుర్నినా వారింగాకు రెండు విషయాల్లో సాటి లేరు: ముక్కులో, నోట్లో. పక్కింటి పులుసు అడుగంటితే ఆ ఇల్లాలి కంటే ముందు ఈవిడకే తెలిసేది. ఈవిడకు తెలిశాక వీధి చివరిదాకా తెలిసేది.

అరవై రెండేళ్ల మనిషి. కొండవాలులో మూడు మళ్లు, వాటిలో తెల్ల అలెలీ పూలు, పెరట్లో ఆరు కోళ్లు. ఈస్టర్ నాడు తెల్లవారుతూనే ఊరేగింపు నడిచే దారిలో ఏ వీధికావీధి పూల తివాచీ పరుస్తుంది. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా వాళ్ల వీధి తివాచీ నడుమ ఉండే తెల్ల పావురం బొమ్మ సతుర్నినా పూలదే. తతిమ్మా ఏడాదంతా ఆవిడ ఆ పావురం గురించి చెప్పుకునే బతికేది.

ఆ ఏడు, పండగ ఇంకా నాలుగు వారాలుందనగా మొగ్గలకు పేనుబంక పట్టింది. చిగుళ్లు ముడుచుకుపోయాయి. సంగతి తెలిసి కింది వీధి ఎర్లిండా పరామర్శకు వచ్చింది. చావు ఇంటికి వచ్చినట్టు నల్ల శాలువా కూడా కప్పుకుంది.

"ఏం చేస్తాం వదినా, రాసిపెట్టుండాలి. మా చేమంతులు ఇస్తాలే. పావురం కాస్త పసుప్పచ్చగా ఉంటది, అంతేగా!"

"కామెర్లొచ్చిన పావురం మా వీధికొద్దులే వదినా. మీ వీధిలోనే పెట్టుకుని వైద్యం చేయించు."

అనడానికి అన్నది గానీ, ఎర్లిండా వెళ్లాక ఆవిడకు నిజంగానే భయం వేసింది. పావురం లేని వీధిలో ఏం మొహం పెట్టుకుని నిలబడాలి?

సరిగ్గా అప్పుడే ఇంజినీరు విల్కపోమా దిగాడు. పంటల గురించి పుస్తకాలు చదివి, బురద అంటని బూట్లతో వచ్చే ప్రతివాణ్ణీ అక్కడ ఇంజినీరనే అంటారు. ఆయన నీలం సీసా మూత తీయకముందే సతుర్నినా ముక్కు పసిగట్టేసింది.

"మున్యా కదూ?"

"మున్యా నుంచి తీసిన తైలం పెద్దమ్మా. మున్యా అంటే కొండల మీద పెరిగే ఒక మొక్క."

పళ్లు రాకముందు నుంచీ మున్యా వేసిన పులుసు తాగుతూ, దుంపలకు పురుగు పట్టకుండా బుట్టనిండా మున్యా కొమ్మలు పరిచే ఆ మనిషి, ఈ కొత్త సంగతి విని నోరెళ్లబెట్టింది. పెద్ద చదువులకు ఆ మాత్రం మర్యాద చేయాలి మరి.

"ఈ వాసన తగిలితే పేనుబంక తన మొక్క ఏదో పోల్చుకోలేదు పెద్దమ్మా. దారి తప్పిపోద్ది."

"మా ఆయనా అంతే బాబూ. తాగితే ఇల్లు పోల్చుకోలేకపోయేవాడు. అయినా ఎలాగో వచ్చేసేవాడు."

ఇంజినీరు నవ్వలేదు. ఎన్ని చుక్కలకు ఎన్ని నీళ్లో చెప్పి, సీసా చేతిలో పెట్టి, ఆవిడ పేరు రాసుకుని వెళ్లిపోయాడు.

వాసనతో చెడును తరమడం సతుర్నినాకు కొత్త కాదు. మనిషికి దిష్టి తగిలితే సదాపాకుతో ఒళ్లంతా నిమిరి, ఆ రెబ్బలు పారేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. చూస్తే పోయిన చెడు మళ్లీ వెంటపడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే మందు చల్లడం, శిలువ గుర్తు వేసుకోవడం, గిరుక్కున తిరిగి తల నిటారుగా పెట్టుకుని ఇంటికి నడవడం. ఇలా రెండు వారాలు. పేనుబంక తగ్గలేదు. ఫోన్ చేస్తే ఇంజినీరు "మోతాదు పెంచండి" అన్నాడు. పెంచితే ఒక మడిలో ఆకులు మాడాయి. పేనుబంక మాత్రం నిక్షేపంగా ఉంది.

పండగ ఇంకా పది రోజులుందనగా, మందు చల్లి వస్తుంటే గాలికి టోపీ ఎగిరి వెనక మడిలో పడింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు టోపీ లేకుండా గడప దాటరు; ఉత్త నెత్తితో వీధిలోకి వెళితే ఎర్లిండాకు పండగే. గత్యంతరం లేక సతుర్నినా వెనక్కి తిరిగింది.

మొక్కల కింద నేలంతా నువ్వులు ఒలికినట్టు పేనుబంక. వాసనకు తట్టుకోలేక రాలాయి. కాసేపు అక్కడే తచ్చాడాయి. ఎండకు ఆ ఘాటు కాస్తా ఎగిరిపోగానే కాండం పట్టుకుని పైకి బయల్దేరాయి. పక్కనే చీమలు, పెళ్లివారిని తోడ్కొని వెళ్తున్నట్టు.

"పడ్డాయి గానీ పోలేదే!" అనుకుంటూ మట్టిలో కూలబడింది. ఇన్నాళ్లూ రాణిలా నడిచి వెళ్లినందుకు ఆవిడకు పట్టరాని సిగ్గేసింది.

మర్నాడు పండగ దుప్పటి తెచ్చి మొక్కల కింద పరిచింది. పాత మోతాదే చల్లి, కాండాలను మెల్లగా తట్టి, రాలినవి లేచేలోపే దుప్పటి మూటగట్టి కోళ్ల ముందు దులిపింది. చదువుసంధ్యలు లేని ఆ కోళ్లు మిగతా పరిశోధన పూర్తిచేశాయి.

పండగ నాడు పావురం మల్లెపువ్వులా ఉంది. ఎర్లిండా తివాచీ చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"ఒక రెక్క చిన్నదైందే వదినా?"

"ఎగరాలా ఏంటి వదినా, పడుకునేగా ఉంటది!"

ఆ మరుసటి వారం ఇంజినీరు ఫోటో తీసుకోవడానికి వచ్చాడు. ఆరు ఊళ్లలో ఈ తైలం బ్రహ్మాండంగా పనిచేసిందని నివేదిక అప్పటికే రాసేశాడట.

"చల్లాక ఒక్క ఊరికైనా మళ్లీ వెళ్లి చూశావా బాబూ?"

"చల్లించడం వరకే నా పని పెద్దమ్మా."

సతుర్నినా దుప్పటి దులిపి భుజాన వేసుకుంది.

"వెనక్కి చూస్తే చెడు వెంటపడుద్దని మా అమ్మమ్మ చెప్పింది, అందుకే నేను చూళ్లేదు. మరి నీకెవరు చెప్పారు నాయనా?"