ముక్కుకు చీపురుపుల్ల

మా ఇంటి ఆడవాళ్లలో ముక్కున రాయి మెరిసిన మొదటిదాన్ని నేనే. మా అమ్మ ఉత్త ముక్కుతోనే పోయింది. గల్ఫ్ వచ్చిన మూడో ఏట, సెలవు దొరికిన ఒకే ఒక్క శుక్రవారం, అబుదాబిలో బస్సెక్కి దుబాయ్‌లో డేరా బంగారం బజారుకు వెళ్లి ఏడు రాళ్ల ముక్కుపుడక కొనుక్కున్నాను. అద్దం మళ్లీ మళ్లీ అడుగుతుంటే కొట్టువాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ. నేను మాత్రం తనివితీరా చూసుకున్నాను.

అప్పుడు అబుదాబిలోనే, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక తెలుగువాళ్లింట్లో వంటా ఇంటిపనీ చేసేదాన్ని. మేడమ్ ముక్కునా ఏడు రాళ్లే. కరోనా కాస్త తగ్గుముఖం పట్టాక ఒకరోజు భోజనానికి వచ్చినావిడ, నేను నీళ్లు అందిస్తుంటే, “మీ చెల్లెలా?” అని మేడమ్‌ని అడిగింది. మేడమ్ నవ్వేసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఆ పుడక తీసి దాచుకో. అంట్లు తోముతుంటే సింకులో పడిందంటే మళ్లీ మా మీదకొస్తుంది.”

“గట్టిగా బిగించానండీ. ఊడదండీ.”

“చెప్పింది చెయ్యి.”

సింకు మీద అంత బెంగ అప్పుడే ఎందుకు పుట్టిందో తెలియనంత అమాయకురాలిని కాను. కానీ నా వీసా వాళ్ల చేతిలో ఉంది. నోరు మూసుకుని పుడక తీసి పెట్టెలో పెట్టాను. మా ఊళ్లో పిల్లలకు చెవులు కుట్టినప్పుడు చేసినట్టే, బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల విరిచి గుచ్చుకున్నాను. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. పుల్లకు అభ్యంతరం లేదన్నమాట.

వాళ్ల అమ్మాయికి ఇంకా ఆన్‌లైన్ క్లాసులే. ఒక మధ్యాహ్నం నేను బీన్స్ తుంచుతుంటే ఎదురుగా కూర్చుని తన పాఠం నాకు చెప్పింది. ఎప్పుడో మెక్సికోలో అజ్టెక్‌లని ఉండేవారట. వాళ్లలో దొరలు కింది పెదవికి బెజ్జం పొడిచి బంగారం పెట్టుకునేవారట. మామూలు జనం ఏ కట్టెముక్కతోనో మట్టిబిళ్లతోనో సరిపెట్టుకోవాలట. దొరల నగ పెట్టుకుంటే శిక్షట.

చెబుతూ చెబుతూ నా ముక్కు వైపు చూసింది. “అక్కా, నీ స్టోన్స్‌ది ఏదీ? పుల్ల పెట్టుకున్నావేంటి?”

“పెట్లో ఉంది పాపా. మేడమ్‌గారు తీసెయ్యమన్నారు.”

పిల్ల తల తిప్పి, సోఫాలో కూర్చున్న తల్లి ముక్కును చూసింది. “మమ్మీ, మరి నువ్వు తియ్యలేదేం?”

మేడమ్ తేలు కుట్టిన దొంగలా ఫోనులోకి తల దూర్చింది. నా కడుపు చల్లబడింది. ఇక పుడక పెట్టుకోమంటుందని, సిగ్గులేకుండా, ఆశపడ్డాను కూడా.

సాయంత్రం వంటింట్లోకి వచ్చింది. “ఆ పుల్ల కూడా తీసెయ్. పిల్ల చూసి ఏవేవో అడుగుతోంది.”

“అలాగేనండీ,” అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. 

రెండేళ్లకు ఆ ఇల్లు మానేసి బయటపడ్డాను. గేటు దాటి బస్టాపు దాకా ఎలాగో ఆగి, అక్కడే పెట్టె తెరిచాను. ఫోను కెమెరాలో చూసుకుంటూ పుడక పెట్టుకోబోయాను. బెజ్జం పూడిపోయింది. నెత్తురు వచ్చేదాకా పొడిచాను. దిగలేదు.