కట్ట మీద చెప్పులు

మొన్న ఆదివారం హనుమకొండలో ఒక గృహప్రవేశానికి వెళ్లాం. అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. గుమ్మం ముందు మామూలే, చెప్పుల కుప్ప. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని బోర్లాపడి, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరివి ఎవరు తొడుక్కుపోతారో తెలియనట్టు ఉంది. ఆ కుప్పను చూస్తే నాకేమీ అనిపించదు. కానీ డాబా మీదికి వెళ్లే మెట్ల దగ్గర, విడిగా, ఒక ఆడమనిషి చెప్పుల జత ఉంది. రెండూ పక్కపక్కనే, మడమలు కలిపి, తీరుగా పెట్టి ఉన్నాయి. నేనక్కడే నిలబడిపోయాను. లోపల హారతి గంట మోగుతోంది. మా ఆవిడ వెనక్కి వచ్చి, "మళ్ల మొదలువెట్టిండ్రా? లోపలికి రాండ్రి, అందరు చూస్తాండ్రు" అంది. నేను మెట్ల వైపు తల ఎత్తి, "ఈ చెప్పులు ఎవరివి?" అని గట్టిగా అరిచాను. పైనుంచి జవాబు రాలేదు. మళ్లీ అరిచాను. కాసేపటికి ఒక అమ్మాయి చెవి దగ్గర ఫోనుతో దిగివచ్చి, నన్ను ఎగాదిగా చూసి, చెప్పులు తొడుక్కుని, అవి అక్కడుంటే భద్రం కాదన్నట్టు కాళ్లకు వేసుకునే పైకి పోయింది. చెప్పుల దొంగ అనుకున్నట్టుంది. అనుకోనీ. నేను లోపలికి వెళ్లి అక్షింతలు వేశాను.

నాకు ఈ జబ్బు ఎలా అంటుకుందో చెప్పాలంటే ఒక మనిషి ప్రాణం పోయిన సంగతి చెప్పాలి. ఆ ప్రాణం పోవడంలో నా బూట్లకు భాగముంది. నేనలా అన్నప్పుడల్లా మా ఆవిడ కొట్టిపారేస్తుంది కానీ, నాకు తెలుసు.

వరంగల్ బజారులో మాది బట్టల దుకాణం. ఇరవై ఏళ్లు పరుపు మీద బాసింపట్టు వేసుకుని చీరలు మడతలు విప్పి చూపించాక నాకు మిగిలింది బొజ్జ, నలభై ఆరో ఏట షుగరు. డాక్టరు నడవమన్నాడు. నేను ఏ పనీ మితంగా చేసే రకం కాదు. నడక పరుగైంది, పరుగుతో పాటు సైకిలు కొన్నాను, చిన్నప్పుడు ఊళ్లో బావిలో బెండ్లు కట్టుకుని నేర్చిన ఈత గుర్తొచ్చింది. ఈ మూడూ కలిపి ట్రయథ్లాన్ అనే పోటీ ఒకటుందని దుకాణానికి వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు చెప్పాడు. కిలోమీటరున్నర ఈత, ఒడ్డుకు రాగానే నలభై కిలోమీటర్ల సైకిలు, దిగగానే పది కిలోమీటర్ల పరుగు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో జరిగే పోటీకి పేరిచ్చాను. మా ఆవిడ మేనమామ ఈ సంగతి విని చాలాసేపు ఆలోచించి, "మూడు తీర్ల పోవుడు ఎందుకు అల్లుడా? కాజీపేటల ఎక్కితే రైలే తీస్కపోతది గద" అన్నాడు.

ఈ మామ కాజీపేట మనిషి. ఉద్యోగమంతా రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. "బండికి ముందుకు చూసేటోడు డ్రైవరు, ఎనుకకు చూసేటోడు గార్డు" అనేవాడు. రోడ్డు మీద నడుస్తున్నా పది అడుగులకోసారి వెనక్కి చూసే అలవాటు ఆయనకు పోలేదు. నా కష్టసుఖాలన్నీ ఆయనకే చెప్పుకునేవాణ్ణి. తొలి ఏడాది కుక్కలు తరమడం వల్లే నా పరుగు వేగం పెరిగింది. సైకిలు మీద రెండుసార్లు పడ్డాను. మోకాలు వాచి నెల్లాళ్లు దుకాణంలో కుర్చీ మీద కూర్చుంటే గిరాకీలు పరామర్శకు వచ్చి చీర కొనకుండా పోయారు. ఒక రోజు గాలిలో తేలినట్టుండేది, మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగలేకపోయేవాణ్ణి. అయినా రెండో ఏడాదికి పరుగూ సైకిలూ దారికొచ్చాయి. ఈత మాత్రం రాలేదు. స్విమ్మింగ్‌పూల్‌లో ఎండాకాలం పిల్లల తొక్కిడి, ఆ తర్వాత తాళం. అప్పుడు చెరువు వైపు చూశాను.

ఆ చెరువు హనుమకొండకూ కాజీపేటకూ నడుమ ఉంటుంది. పేరు రాయను. కట్ట మీద పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ల రద్దీ. ఈత నిషేధం అని ఒక బోర్డు కూడా ఉంది, దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాణ్ణి. మా దిక్కు చెరువు కట్ట మీద మనిషి లేకుండా చెప్పుల జత కనిపిస్తే దానికి ఒకటే అర్థం. చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరికి కనిపించినా ఒర్లాలి, గట్టిగా అరిచి జనాన్ని పిలవాలి. అది ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు.

మొదటి రోజు నేను కొత్త బూట్లు విప్పి, సాక్సులు అందులో దోపి, జోడు తీరుగా ఒడ్డున పెట్టి నీళ్లలో దిగాను. మా దుకాణంలో మడత తీరుగా లేకపోతే నాకు తోచదు, ఆ అలవాటే. సగం దూరం పోయి తల ఎత్తి చూస్తే కట్ట మీద యాభై మంది. ఒకాయన నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. ఒక ముసలమ్మ గుండెలు బాదుకుంటోంది. వాళ్లందరి ముందు, రోజూ ఆ కట్ట మీద నడవడానికి వచ్చే మా మామ, నా బూట్లు రెండు చేతుల్లో పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. ఎవడి బూట్లో కూడా తెలియకుండానే. నేను ఒడ్డుకు వచ్చి ఈత కళ్లద్దాలు తీశాక ఆయన నన్ను గుర్తుపట్టాడు. "నీయా అల్లుడా ఇవి? పానం గుబేలుమన్నది" అని అక్కడే కూలబడ్డాడు. జనమంతా నవ్వారు. నేనూ నవ్వాను. రెండో రోజు మళ్లీ అదే జరిగింది, వేరేవాళ్లు ఒర్లారు. మూడో రోజూ అంతే. నాకు విసుగొచ్చింది. మధ్యలో ఆగితే టైం పోతుంది కదా.

"మామా, నా బూట్లు కనవడితే ఒర్లకుండ్రి. అందరికి చెప్పుండ్రి జర" అన్నాను. ఆయనకు నచ్చలేదు. "సిగ్నలుకు అలవాటు పడ్డోడు సిగ్నలు చూడడు అల్లుడా. గట్ల చెయ్యొద్దు" అన్నాడు. మర్నాడు ఇంటి నుంచి తన పాత పచ్చజెండా తెచ్చి ఇచ్చాడు. ఉద్యోగంలో పట్టుకున్నది, కర్ర నున్నగా అరిగి ఉంది. దాన్ని బూట్లో గుచ్చి పొమ్మన్నాడు. జెండా ఉంటే నేను, లేకపోతే ఇంకెవరో. అంత తేలిక. వారం రోజులు గుచ్చాను. వాకింగ్ వాళ్లు "ఏ పార్టీ సార్?" అని అడిగేవాళ్లు. గాలికి పడిపోయేది, తడిసేది. ఒకరోజు స్కూటర్ డిక్కీలో మరిచిపోయాను. ఆ రోజు ఎవరూ ఒర్లలేదు. మర్నాడు కూడా డిక్కీలోనే ఉంచాను. అప్పటికి నా బూట్లు అందరికీ అలవాటయ్యాయి. నన్ను ఈత సారు అనేవాళ్లు. మామ ఒకటి రెండుసార్లు జెండా ఏదని అడిగి, నేను నవ్వితే ఊరుకున్నాడు.

ఆ కట్ట మీద రోజూ కనిపించే వాళ్లలో ఒక అమ్మాయి ఉండేది. ముప్పై ఏళ్లుంటాయేమో. పసుపురంగు ప్లాస్టిక్ బుట్టలో పాల ప్యాకెట్లు వేసుకుని ఇంటికి పోతూ కట్ట మీద కాసేపు నిలబడేది. ఎవరితోనూ మాట్లాడగా చూడలేదు. వానలు పడి చెరువు నిండిన రోజుల్లో ఒక పొద్దున, నేను బూట్లు విప్పుతుంటే ఆగి, "అన్నా, బూట్లు గిట్ల ఇడిచిపెట్టి పోతాండ్రు గద, ఎవ్వలన్న ఎత్కపోరా?" అని అడిగింది. నేను ఈత సారును కదా, గొప్పగా చెప్పాను. "ఎవ్వలు ముట్టరమ్మా. ఈ కట్ట మీద చెప్పులుంటే ఇప్పుడు ఎవ్వలు చూడను గూడ చూడరు."

"అవునా అన్నా" అంది. ఇంకాసేపు నా బూట్ల వైపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపులో ఏముందో ఆ రోజు చదవడం నాకు రాలేదు. గిరాకీ ముఖం చూసి ఏ రంగు చీర కొంటుందో చెప్పగలనని బజారులో నాకు పేరు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకేమో. ముసురు పట్టి ఉంది, చినుకు లేదు. నీళ్లు కదలకుండా నల్లగా ఉన్నాయి. చెవుల్లో మైనం బిళ్లలు పెట్టుకుని దిగాను. ఆ రోజు ఒళ్లు నా మాట విన్నది. ఊపిరి ఎక్కడా తప్పలేదు, చేయి వేస్తే నీరు దారిచ్చింది. ఎన్నడూ లేనిది, ఒక్కసారీ తల ఎత్తలేదు. ఒడ్డుకు వచ్చి వాచీ నొక్కితే ముప్పై ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు. రెండేళ్లుగా నలభై లోపల రావాలని తపించిన మనిషిని. "మామా, వచ్చిన! నలభై లోపల వచ్చిన!" అని చిన్నపిల్లవాడిలా అరిచాను. ఆయన నడక ఆపి, నవ్వుకుంటూ వచ్చి నా తడి భుజం తట్టాడు. నేను కూర్చుని లేసులు కట్టుకుంటున్నాను. ఆయన అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు.

"గవి గూడ మీయేనా అల్లుడా?"

యాభై అడుగుల అవతల ఒక జత చెప్పులు ఉన్నాయి. రెండూ పక్కపక్కనే, మడమలు కలిపి, తీరుగా. అచ్చం నా బూట్లు పెట్టినట్టే. పక్కన పసుపు బుట్ట.

మామ ముసలికాళ్లతో పరుగెత్తాడు. బుట్టలో పాల ప్యాకెట్ల మీద చేయి పెట్టి, నా వైపు తిరిగి, "ఇంక సల్లగనే ఉన్నయి అల్లుడా" అన్నాడు. ఆ మాట ఆయన నాతో చెప్పినట్టు లేదు, ఎవరినో బతిమాలుతున్నట్టు ఉంది. నేను బూట్లతోనే దూకాను. ఎంతసేపు మునిగానో, ఎన్నిసార్లు మునిగానో తెలియదు. నీళ్ల మీద పోవడం నేర్చుకున్నాను కానీ నీళ్లలో వెతకడం నేర్చుకోలేదు. ఫైర్ వాళ్లు వచ్చి నన్ను బలవంతంగా పైకి లాగారు. మధ్యాహ్నానికి ఆమె దొరికింది. దక్కలేదు.

పోలీసాయన మర్యాదగానే అడిగాడు. "మీరు గప్పుడు నీళ్లల్లనే ఉన్నరా సార్?" ఉన్నానన్నాను. "ఏం వినవడలేదా?" లేదన్నాను. చెవుల్లోంచి తీసిన మైనం బిళ్లలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి. వాకింగ్ వాళ్లలో నలుగురు ఆ చెప్పులను చూశారు. నలుగురూ ఒకే మాట చెప్పారు. "ఈత సారు ఇంటోళ్లయి అనుకున్నం." మామ కూడా ఒకసారి వాటి పక్క నుంచే నడిచాడు. మా ఆవిడ నా ఈత చూడడానికి వచ్చిందేమో అనుకున్నాడట. ఎవరి చెప్పులో తెలియకుండానే ఒకనాడు గొంతు చించుకున్న మనిషి. ఆ గొంతు మూయించింది నేను.

ఆమె ఎందుకు పోయిందో నాకు తెలియదు. కట్ట మీద రకరకాలుగా చెప్పుకున్నారు. నాకు తెలిసింది ఆమె నన్ను అడిగిన ఒక్క ప్రశ్న, నేను చెప్పిన జవాబు. అవి రెండూ ఈ ఆరేళ్లలో ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

పోటీకి వెళ్లాను, పేరిచ్చాను కదా అని. సముద్రం ఒడ్డున, నీళ్లలో దిగే చోట ఇసుకలో వందల జతల చెప్పులు. మైకులో పాటలు, అందరూ నవ్వుతున్నారు. ఎవరు తిరిగొచ్చారో ఎవరు రాలేదో ఎవరు లెక్క చూస్తారని పక్కవాణ్ణి అడిగితే, వింతగా చూశాడు. పిక్క పట్టేసిందని అబద్ధం చెప్పి వచ్చేశాను. సైకిలు మా పక్కింటివాళ్లు తీసుకుపోయారు. పచ్చజెండా మాత్రం ఇంకా డిక్కీలోనే ఉంది. మామ దాని సంగతి ఆ తర్వాత ఒక్కనాడూ ఎత్తలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన మాత్రం మర్నాటి నుంచే కట్ట మీద ఒర్లడం మొదలుపెట్టాడు. ఎవరైనా కాళ్లు కడుక్కోవడానికి చెప్పులు విప్పితే చాలు, "ఈ చెప్పులు ఎవలియి?" అని చెరువంతా వినిపించేలా కేక. ఎవరో ఒకరు జవాబిచ్చేదాకా కదిలేవాడు కాదు. పిల్లలు వెక్కిరించేవాళ్లు, పెద్దవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు ఆయన మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగడం లేదు. ఆ డ్యూటీ నాకొచ్చింది. షుగరు కోసం నడుస్తున్నానని దుకాణంలో చెప్పుకుంటాను. పొద్దున కట్ట మీదికి పోయి, సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, ఇవాళ ఎన్ని జతలు కనిపించాయో, ఎవరెవరు పలికారో చెప్తాను. అందరూ పలికారు మామా అంటే, తల ఊపి గోడ వైపు తిరుగుతాడు.

నా పాత వాచీలో ఆ ముప్పై ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు ఇంకా ఉన్నాయి. తుడిచేయడానికి చేయి రాలేదు. మూడేళ్లు సెకన్లు తగ్గించుకోవడమే పనిగా బతికాను. ఇప్పుడు రోజూ పొద్దున ఒంటరి చెప్పుల ముందు నిలబడి "ఎవరివివి?" అని అరుస్తాను. ఎక్కడినుంచో "నాయే సార్" అని వినిపించేదాకా పట్టే ఆ కాసింత సమయం మాత్రం, ఆరేళ్లయినా, ఒక్క సెకను తగ్గలేదు.