నాన్న చెప్పిన శ్రుతులు

తెనాలిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు తన మేడ మీది రెండు గదుల్లో చిన్న మ్యూజియం పెట్టారు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. నెలకో ఆదివారం అక్కడ ఊరి చరిత్ర గురించి ఎవరో ఒకరు మాట్లాడేవారు. ఒకసారి నాన్నను పిలిచారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే అప్పటికి ఏడాదిగా నాన్నకు పక్షవాతం. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తూ బతికిన మనిషికి కుడిచెయ్యి, కుడికాలు సరిగా ఆడటం లేదు. అంతకంటే ఘోరం, పేర్లు పోయాయి. ఆస్పత్రిలో డాక్టరు నన్ను చూపించి ఈమె ఎవరని అడిగితే, నా పేరు కోసం వెతికి వెతికి గోడవైపు తిరిగిపోయారు. తర్వాత బాపట్లలో మా ఇంట్లోనే ఉన్నా నా మొహంలోకి సూటిగా చూసేవారు కాదు. నేనెవరో తెలుసా అని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

అలాంటి మనిషిని పదిమందిలో కూర్చోబెట్టి ఏం మాట్లాడిస్తారు? కానీ ఆయన కాలితో తొక్కి వాయించే హార్మోనియం అప్పటికే ఆ మ్యూజియంలో ఉంది. దాని మాట ఎత్తగానే నాన్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇంకేం చేస్తాను, పాసింజరు ఎక్కించాను.

లెక్చరర్ గారు పాత నాటకాల ఫొటోలు బల్ల మీద పరిచి, ఎవరెవరో చెప్పమన్నారు. నాన్న మొదటి ఫొటో మీద వేలు పెట్టారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. జనం కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. ఇక తీసుకుపోదామని నేను లేచాను.

"నాలుగున్నర," అన్నారు నాన్న.

ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలోంచి రేపల్లె నుంచి వచ్చిన ముసలి నటుడొకరు లేచారు. నాన్న వాయిస్తుంటే ఏళ్ల తరబడి పద్యాలు పాడిన మనిషి.

"శ్రుతి చెబుతున్నారండి. ఆ ఫొటోలో ఉన్నాయన నాలుగున్నరలోనే పాడేవారు. మేం స్టేజీ ఎక్కేలోపే ఎవరి శ్రుతి ఏంటో ఈయన చూసుకునేవారు."

తర్వాత ఒక్కో ఫొటోకీ నాన్న ఒక్కో శ్రుతి చెప్పారు. ఒక్కటీ తప్పు పోలేదని ఆ నటుడు తలూపుతూనే ఉన్నారు. చివరికి తన శ్రుతి కూడా చెప్పించుకుని, కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

లెక్చరర్ గారే వెళ్లి హార్మోనియం మీది 'తాకరాదు' అట్ట తీసేశారు. నాన్న ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కారు. ఆయన కాలు ఆడదు కాబట్టి నేను కింద కూర్చుని చేత్తో పెడలు నొక్కాను. నటుడు పద్యం అందుకుని రాగం ముగించగానే గదంతా వన్స్ మోర్ అంది. చరిత్ర ఉపన్యాసానికి వన్స్ మోర్ కొట్టడం మా తెనాలివాళ్లకే చెల్లింది.

పద్యం అయ్యాక ఆ నటుడు నావైపు చూసి, నాన్నను చనువుగా అడిగారు. "ఈ అమ్మాయెవరు బావా?"

డాక్టరు అడిగిన ప్రశ్నే అది. నాన్న వంగి, ఏడాది తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూశారు.

"ఐదున్నర."

చిన్నప్పుడు రోజూ పొద్దున్నే పక్కన కూర్చోబెట్టుకుని నాకు పెట్టిన శ్రుతి. నేను ఏడ్చేశాను. నాన్న వేలు ఐదున్నర మెట్టు మీదికి జరిగి ఆగింది. గాలి లేక పెట్టె పలకలేదు. ఏడుస్తూనే మళ్లీ పెడలు నొక్కాను.