గోడ మీద లేని పేరుకు సర్వపిండి

మా అత్తమ్మ పోయింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ కాలంలో, సూరత్‌లో. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, శవాన్ని ఇంటికి ఇవ్వం, దహనం మేమే చేయిస్తాం అని. శ్మశానంలో అడ్డంగా కట్టిన తాడుకు ఇవతలే నిలబడి మా ఆయన పొగ చూసి వచ్చాడు. ముఖం చూడలేదు, నోట్లో చుక్క నీళ్లు పోయలేదు. అంత పెద్ద గొంతున్న మనిషిని అంత చప్పుడు లేకుండా పంపించేశారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

ఆమె ఎవరంటే, సూరత్‌లోని గోడాదరాలో లూమ్ కార్మికులకు మెస్ నడిపిన మనిషి. మా ఆయన చిన్నప్పుడే మామయ్య పోతే, గరిటె పట్టుకుని కొడుకును పెంచింది. గల్లీకంతా అవ్వ. ముసలితనంలో కూడా పచ్చిపులుసు ఇంకొకరు కలిపితే ఒప్పుకునేది కాదు, అరచేతిలో వేసుకుని నాకి, "గిది పులుసా, కుండ కడిగిన నీళ్లా?" అని అందరి ముందూ అనేసేది. ఆ మాట నాకే ఎన్నిసార్లు పడిందో! ఒకసారి ఓ సూపర్‌వైజర్ వచ్చి, తింటున్నవాణ్ణి మిషన్ ఆగిందని లేపబోయాడు. అత్తమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. "తినెటోన్ని లేపద్దు. యముడొచ్చినా బయట కూసోమంట" అంది. ఆయన నిజంగానే బయట కూర్చున్నాడు.

ఆ పట్టుదల ఆమెకు తల్లి నుంచి వచ్చింది. అత్తమ్మ కడుపులో ఉండగానే ఆమె తండ్రి నిజాం ఫౌజుతో రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ పక్కనున్న మలయాకు వెళ్లాడు, తిరిగి రాలేదు. శవం రాలేదు, నికరమైన కబురూ రాలేదు. ఊరివాళ్లు బొట్టు తీయమంటే ఆ తల్లి, "సచ్చిండని ఎవడు చూసిండు?" అని కడదాకా బొట్టు పెట్టుకునే ఉంది. దాంతో ఆయన పేరున పిట్టకు పెట్టడం కూడా జరగలేదు. మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, ఏదో ఒక పిట్ట వచ్చి ముట్టేదాకా చూస్తాం. అది ముట్టాకే ఇంట్లోవాళ్లం తింటాం. "మా నాయిన ఇంక ఆకలితోనే తిరుగుతుండు" అని అత్తమ్మ అప్పుడప్పుడూ అనేది. ఆమెకు అది మామూలు మాట కాదు.

మా ఆయనది చిన్న చీరల దుకాణం. కరోనా మాట వార్తల్లో అప్పుడప్పుడే వినపడుతున్న రోజుల్లో, చీరలు ఎక్కువ అమ్మినందుకు మాకు సరుకిచ్చే ఓ వ్యాపారి మమ్మల్ని సింగపూర్ టూరుకు పంపాడు. నలభై మంది గుజరాతీల మధ్య మేం ముగ్గురమే తెలుగువాళ్లం. వాళ్ల సంచుల నిండా థేప్లా రొట్టెలు, కరకరలాడే ఖాఖ్రాలు. అత్తమ్మ సంచిలో చీరల కింద బియ్యప్పిండితో కాల్చిన మా సర్వపిండి. తండ్రికి అదే ఇష్టమని తల్లి చెప్పిందట. గుంపంతా షాపింగుకు బయల్దేరిన రోజు ఆమె హోటల్ మెట్ల మీద కూర్చుని లేవలేదు. "నేను వచ్చింది బొమ్మలు కొననీకె కాదు. యుద్ధంల సచ్చినోళ్ల జాగకు తోల్కపోతవా, పోవా?" అని కొడుకును నిలదీసింది. టాక్సీ ఎక్కక తప్పలేదు. దారిలో ఓ బీరు డబ్బా కూడా కొనిపించింది, కల్లు దొరకలేదని. మద్యనిషేధమున్న మా గుజరాత్‌లో అదీ దొరకదు కదా!

పచ్చటి గడ్డి మీద తెల్లరాళ్లు వరుసలు కట్టి ఉన్నాయి. మలయా యుద్ధంలో పోయిన సైనికుల జాగ అది, అత్తమ్మ తండ్రి సమాధి అక్కడుంటుందనే మేం వెళ్లాం. అక్కడి తోటమాలి, తమిళతను, వచ్చీరాని హిందీలో చెప్పాడు, మన హిందువులను కాల్చేశారు, వాళ్లకు రాళ్లు ఉండవు, గోడల మీద పేర్లే అని. ఎండలో గోడలన్నీ చదివాను. అత్తమ్మ నా వెనకే నడిచింది. ఆయన పేరు కనపడలేదు. ఆమెకు ఎలా చెప్పను?

చెప్పాను. "లేకుంటే లేకపాయె. రాసినోనికి ఎరుక లేదు. నాకు ఎరుకే" అంది. కొంగు నడుంలో దోపుకుని, గోడ కింద కాగితం పరిచి, సర్వపిండి తుంచిపెట్టి బీరు వంపింది. తోటమాలి పరుగెత్తుకొచ్చాడు, ఇక్కడ తిండి పెట్టకూడదని. "నీ తోట ఖరాబు గాదు. పిట్ట ముట్టినంక నేనే ఎత్తుకపోత" అని తెలుగులోనే చెప్పింది. అతనికి ఏం అర్థమైందో, చీపురు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గోరింక ఒకటి దిగింది. మా ఆయన, కాకి రావాలేమోనమ్మా అని గొణిగాడు. "ఏ దేశంల సస్తే ఆ దేశం పిట్టే తింటది. నోరు మూస్కొని మొక్కు" అంది అత్తమ్మ. గోరింక సర్వపిండి ముక్క పట్టుకుపోయింది. ఆమె ఆ కాగితం మడిచి, మిగిలిన సర్వపిండి మాతో పాటు తోటమాలికీ పెట్టింది.

అలాంటి మనిషి పేరున పిట్టకు పెట్టకుండా ఊరుకోవాలట! అత్తమ్మ పోయిన మర్నాడు ఊరి నుంచి మా ఆయన చిన్నాన్న కొడుకు, వరసకు నాకు మరిది, ఫోన్ చేశాడు. "వదినా, గిప్పుడు గవన్నీ ఎందుకు? లాక్‌డౌన్లు అయినంక ఊర్లె చేద్దాం." మా ఆయన కూడా తర్వాతే చేద్దామన్నాడు. మాది కరోనా ఇల్లని బిల్డింగు చైర్మన్ డాబా తలుపుకు తాళమే వేయించాడు. దాదాపు ఎనభై ఏళ్లు ఆకలితో ఉన్న తండ్రి కోసం సముద్రం దాటిన మనిషిని నేను ఆకలితో పంపాలా? మూడో రోజు పొద్దున్నే వండాను. మాస్కు కట్టుకుని, ఒక్కదాన్నే, దూరం నుంచే చైర్మన్‌ను పిలిచాను. "తాళం తీస్తారా, మీ గుమ్మం ముందు పెట్టమంటారా?" అన్నాను. తాళంచెవి మెట్ల మీదికి విసిరేసి, కమిటీకి చెబుతానన్నాడు. చెప్పుకోండి అన్నాను.

డాబా మీద విస్తరి పరిచి, "అత్తమ్మా, రా, తిను" అని అరిచాను. ఆమె గొంతంత గొంతు నాకెక్కడిది? అయినా అరిచాను. కింద నుంచి చైర్మన్ కేకలు. ఎండ ఎక్కింది. చివరికి కాకి వాలి మటన్ ముక్క లాగింది. అప్పుడు కానీ నాకు ఏడుపు రాలేదు.

కళ్లు తుడుచుకుంటుంటే ఎదురు డాబా మీద ఒకామె కనపడింది. ఒడియా ఆమె, లూమ్ కార్మికుడి భార్య. ఆ వారమే ఆమె భర్త కూడా అలాగే ఆసుపత్రి నుంచే శ్మశానానికి పోయాడు. ఊరికి వెళ్లే దారిలేక పిల్లలతో ఇక్కడే చిక్కుకుపోయింది. ఆ ఇంట్లో నుంచి ఏడుపు కూడా వినపడలేదని గల్లీలో అనుకున్నారు. పిట్టగోడ పట్టుకుని హిందీలో అడిగింది.

"దీదీ, మా ఆయనకు కూడా పెడతావా?"

నేను ఇంకో విస్తరి తీశాను. "ఏమిష్టం ఆయనకు?" అని గల్లీ అంతా వినేలా అడిగాను.

"నీళ్లన్నం" అంది. "వేయించిన చేప. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. మిరపకాయ రెండు పెట్టు దీదీ, ఒకటి చాలదు ఆయనకు..." అంటూ అక్కడే, డాబా మీద, అందరూ వినేలా ఘొల్లుమంది.