హెస్టర్ గాడ్స్‌బీ తెరిచి చూసిన పెట్టె

మా టాలో లేన్‌లో హెస్టర్ గాడ్స్‌బీ అనుమానించని మనిషి ఒక్కడే. సర్ క్రిస్టఫర్ రెన్. ఆయన పోయి రెండు వందల ఏళ్ళు దాటింది, ఇక కొత్తగా ఏ మోసమూ చేయలేడని ఆవిడ ధీమా. వెనకటి రోజుల్లో లండన్ తగలబడిపోయాక ఆయన కట్టిన చర్చిల్లో మా సెయింట్ ఎడ్‌బర్గా బాగా చిన్నది. రెండు బ్యాంకుల మధ్య ఇరుక్కుని, ఎదురుగా ఉన్న నా టీ దుకాణంలోంచి చూస్తే తలుపూ, గంట గోపురం కొసా మాత్రమే కనపడేవి.

ఆ చర్చిలో బల్లలు మామూలు బల్లలు కావు. నడుం ఎత్తు చెక్క గోడలు, వాటికి చిన్న చిన్న తలుపులు. ఆదివారం జనం వస్తే ఆ తలుపు తీసి, కూర్చోబెట్టి, మళ్ళీ గడియ పెట్టడం హెస్టర్ ఉద్యోగం. మిగతా ఆరు రోజులూ ఊడవడం, తుడవడం. ప్రార్థన కాగానే పాటల పుస్తకాలు లెక్కపెట్టుకునేది. చర్చి గురువు రెక్టర్ గారు వెలిగించిన కొవ్వొత్తి ఎంత మిగిలిందో వేలితో కొలుచుకునేది. నేనిచ్చిన బన్నును రెండుగా విరిచి, లోపల ఎండుద్రాక్షలు నిన్నటికన్నా తగ్గాయేమోనని చూసేది. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆవిడ లేని రోజు నాకు టీ సహించేది కాదు.

పీఠం వెనక గోడ నిండా చెక్కిన పళ్ళు, పూలు, గోధుమ కంకులు ఉండేవి. రెన్ దగ్గర పనిచేసిన ఎవరో వడ్రంగి చెక్కినవి. ముప్ఫై ఏళ్ళు ప్రతి శుక్రవారం హెస్టర్ నిచ్చెన ఎక్కి బాతు ఈకతో వాటి దుమ్ము దులిపింది. ఆ ఈక ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

పంతొమ్మిది వందల నలభైలో, డిసెంబరు మొదటి వారంలో మిస్ వెన్నింగ్ వచ్చింది. బాంబులకు ఏది ఎప్పుడు కూలిపోతుందో తెలియని రోజులవి. కూలిపోయే లోపల పాత కట్టడాలన్నిటికీ ఫోటోలు తీసి దాచాలని ఒక ఆఫీసు పెట్టారు. ఆమె ఆ ఆఫీసు మనిషి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మనిషి సన్నం. మోసేది మాత్రం మూడు కాళ్ళ స్టాండూ, చెక్క కెమెరా, నల్లగుడ్డ, తోలు పెట్టె.

హెస్టర్ తలుపుకి అడ్డంగా నిలబడింది. "కాగితం చూపించు."

మిస్ వెన్నింగ్ చూపించింది. సర్కారు ముద్ర ఉంది, సంతకం ఉంది. హెస్టర్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, వాసన కూడా చూసింది. మా వీధి కానిస్టేబుల్‌ను పిలిపించింది. అతను చదివి, "కాగితం అసలుదే మిసెస్ గాడ్స్‌బీ" అన్నాడు.

"ముద్రలు నేనూ కొట్టిస్తాను. బంగాళాదుంప చెక్కితే చాలు."

చేసేది లేక లోపలికి రానిచ్చింది గానీ కళ్ళలో వత్తులు వేసుకుని వెంటే తిరిగింది. మిస్ వెన్నింగ్ అడిగిన ప్రశ్నలు అలాంటివి మరి. ఎండ ఏ కిటికీలోంచి ఎన్ని గంటలకు పడుతుంది? గోపురం ఎత్తెంత? పైకి దారెటు? అడిగినదల్లా పుస్తకంలో రాసుకుంటోంది.

పదకొండు గంటలకు ఆమె నా దుకాణానికి వచ్చింది. నేను పాల కూజా ఎత్తాను.

"వద్దండీ, పాలు లేకుండా" అంది.

వెనకే వచ్చిన హెస్టర్ నా వైపు చూసింది. నేనూ ఆవిడ వైపు చూశాను. మా సందులో పుట్టి బుద్ధెరిగిన వాళ్ళెవరూ పాలు లేకుండా టీ తాగగా మేము చూడలేదు.

పాపం, మిస్ వెన్నింగ్ మమ్మల్ని మంచి చేసుకోవాలనుకుంది. సంచిలోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పరిచింది. అన్నీ రెన్ కట్టడాల బొమ్మలే. కొన్ని వందేళ్ళ నాటి అచ్చు బొమ్మలు, కొన్ని మా అమ్మమ్మ కాలం ఫోటోలు, కొన్ని ఆమె స్వయంగా తీసినవి. సెయింట్ పాల్స్ గుమ్మటం చుట్టూ గుర్రపు బళ్ళు. హాంప్టన్ కోర్టులో రాజుగారి ప్యాలెస్, దాని ముందు గొడుగులు వేసుకున్న దొరసానులు. గ్రీనిచ్‌లో నది ఒడ్డున నావికుల ఆసుపత్రి జంట గుమ్మటాలు. కెన్సింగ్టన్ ప్యాలెస్. ఇరవై దాకా చర్చిలు.

"ఈ మూడూ ఇప్పుడు లేవండి" అని మూడు చర్చిల మీద వేలు పెట్టింది. "సెప్టెంబరు నుంచి ఇప్పటికి పోయినవి. బొమ్మలే మిగిలాయి. మీ చర్చికి లోపలి ఫోటో ఒక్కటీ లేదు. అందుకే వచ్చాను."

ఇంకొకరైతే కరిగిపోయేవారు. హెస్టర్ నన్ను పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళింది.

"చూశావుటే డాట్? రాజుగారి ప్యాలెస్సూ, నావికుల ఆసుపత్రీ, నది ఒడ్డూ, చర్చిలూ! అన్నీ ఒక్క అట్టలో! ఆ హిట్లర్ గాడికి ఇంతకంటే ఏం కావాలే?"

"కాగితం అసలుదేనన్నాడు కదే కానిస్టేబుల్."

"వాడి మొహం. పోయినేడు సైకిల్ దొంగని పట్టుకోలేక రెక్టర్ గారి సైకిలే స్టేషనుకి లాక్కెళ్ళాడు. ఏ మనిషైనా పాలు లేకుండా తాగుతుందటే?"

నిజం చెప్పొద్దూ, ఆ పాలు లేని టీ నాకూ గొంతులో అడ్డం పడింది.

ఒంటిగంటకు మిస్ వెన్నింగ్ పని ముగించింది. పన్నెండు ఫోటోలు. తోలు పెట్టెను హెస్టర్ చేతికే ఇచ్చి, "నేను భోంచేసి వస్తాను. దీన్నెవరూ తాకకుండా చూస్తారా? ఈ చర్చిలో మీ అంత జాగ్రత్త మనిషి లేరు" అంది. ఆ మాట నాకు ఈనాటికీ చెవిలో ఉంది.

హెస్టర్ నాకు పురమాయించిన పని ఆమెను దుకాణంలో కూర్చోబెట్టడం. సూపు పోశాను. రెండో గిన్నె పోశాను. వద్దంటున్నా పుడ్డింగు పెట్టి, నా మోకాళ్ళ నొప్పుల కథ మొదలుపెట్టాను. ఈలోగా హెస్టర్ చర్చి వెనక గదిలో, కిటికీ పక్కన నిలబడి పెట్టె మూత తీసింది. లోపల పలచటి చెక్క చట్రాలు. ఒక్కోదానికి పైకి లాగే రేకు. ఒక్కొక్కటే లాగి చూసింది. పన్నెండూ చూసింది. మళ్ళీ ఎప్పటిలా మూసి పెట్టింది.

మిస్ వెన్నింగ్ పెట్టె తీసుకుని బస్సెక్కాక హెస్టర్ రొప్పుతూ వచ్చింది.

"గాజు పలకలే డాట్! ఒట్టి గాజు పలకలు! పాలమీగడ రంగులో ఖాళీగా ఉన్నాయి. ఒక్క దాంట్లో ఒక్క బొమ్మ లేదు!"

"ఒక్కటి కూడానా?"

"పొద్దుటి నించీ ఆ నల్లగుడ్డలో తల దూర్చి ఆడిందంతా నాటకమే! దాని పని ఫోటోలు కాదు. ఏదో ఉంది."

మేమిద్దరం ఆ వారమంతా మమ్మల్ని చూసుకుని మురిసిపోయాం. గూఢచారిని పసిగట్టి దేశాన్ని కాపాడుతున్నామనుకున్నాం.

డిసెంబరు ఆఖరి ఆదివారం మా మీద నిప్పులు కురిశాయి. సోమవారం పొద్దున నేను వచ్చేసరికి సందంతా నీళ్ళ గొట్టాలు. సెయింట్ ఎడ్‌బర్గాకి గోడలు నిలబడ్డాయి, కప్పు లేదు. లోపల బల్లలూ తలుపులూ పళ్ళూ పూలూ అన్నీ కలిసి మోకాలెత్తు బూడిద. హెస్టర్ గుమ్మంలో నిలబడి ఉంది. ఏప్రాను జేబులో బాతు ఈక. ఏడవలేదు.

సరిగ్గా అప్పుడు సందు మొదట్లో మూడు కాళ్ళ స్టాండు కనిపించింది. మిస్ వెన్నింగ్ గొట్టాలు దాటుకుంటూ వచ్చి, చర్చి వైపు చూసి, పెట్టె పట్టుకునే గొట్టాల మీద కూలబడింది.

"ఇవాళ మళ్ళీ తీద్దామని వచ్చాను" అంది. "పోయిన వారమే కడిగాం. పలకలన్నీ నల్లగా వచ్చాయి. పన్నెండుకి పన్నెండూ. పదకొండేళ్ళలో నాకిలా ఎప్పుడూ కాలేదు."

"నల్లగానా? ఎందుకలా?" అన్నాను.

"వెలుగు తగిలితే అంతే. మందులో కడిగే దాకా బొమ్మ కనపడదు, ఖాళీగానే ఉంటుంది. కడిగే ముందు ఒక్క క్షణం వెలుగు తగిలినా చాలు. నేనే ఎక్కడో పొరపాటు చేశానని మా పెద్దాయన అన్నాడు. ఇవాళ తీసుకు రాకపోతే ఇక రావద్దన్నాడు." తల పైకెత్తింది. "మిసెస్ గాడ్స్‌బీ, ఆ రోజు పెట్టె ఎవరూ తాకలేదు కదా?"

హెస్టర్ బూడిద వైపు చూస్తూ అంది. "ఎవరూ తాకలేదు."

ఆ ఒక్క మాటతో ఆ మనిషి ఉద్యోగం ఊడిపోతుందని మా ఇద్దరికీ తెలుసు. నేనైనా నోరు విప్పాల్సింది. నేను పొయ్యి మీద కెటిల్ పెట్టానని చెప్పి దుకాణంలోకి పారిపోయాను.

ఆ తర్వాత హెస్టర్ ఎవరినీ అనుమానించడం మానేసింది. బన్ను విరవకుండా తినేది. పక్క వీధి చర్చిలో నేల తుడిచే పని దొరికింది, అక్కడ పుస్తకాలు లెక్కపెట్టలేదట. జనం ఆవిడకి వయసొచ్చి మంచితనం అబ్బిందన్నారు. నాకు తెలుసు, ఆవిడ అనుమానమంతా తన మీదకే తిరిగింది. వీధి తలుపు తాళం వేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకునేది. "నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నానే డాట్" అంది ఒకసారి. నేను మాట మార్చాను.

యాభై నాలుగులో చర్చిని మళ్ళీ కడతామన్నారు. ఒక మధ్యాహ్నం బ్యాంకు హాల్లో మీటింగు. కొత్త రెక్టర్ గారు మంచివారు. పాత ఉద్యోగం మళ్ళీ హెస్టర్‌దేనని అందరి ముందూ చెప్పి, పాత తాళాల గుత్తి ఆవిడ చేతిలో పెట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ గుత్తిని ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా నిమురుతోంది. పద్నాలుగేళ్ళు దీనికోసమే బతికింది.

తర్వాత ఆర్కిటెక్టు లేచాడు. "బయటి గోడలకి ఇబ్బంది లేదు. లోపలిదే కష్టం, ఒక్క ఫోటో లేదు. యుద్ధంలో ఒకావిడ తీయడానికి వచ్చి పలకలన్నీ తగలేసిందట. రికార్డులో 'అజాగ్రత్త వల్ల' అని రాసుంది. ఇలాంటి వాళ్ళ చేతికి కెమెరా ఎవరిచ్చారో!"

వెనక ఎవరో నవ్వారు.

హెస్టర్ లేచింది. తాళాలు గలగలమన్నాయి.

"ఆ అమ్మాయి అజాగ్రత్త కాదయ్యా. పెట్టె నా చేతికి ఇచ్చి అన్నానికి వెళ్ళింది. నేను తెరిచాను. పన్నెండూ లాగి చూశాను. అడిగితే ఎవరూ తాకలేదని అబద్ధం ఆడాను."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను లేవడానికి ఇంకో నిమిషం పట్టింది. "ఆ అమ్మాయిని దుకాణంలో ఆపింది నేను" అన్నాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. చర్చి వార్డెను మిస్టర్ కోప్ అప్పటికే హెస్టర్ ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"తాళాలు ఇలా ఇవ్వండి మిసెస్ గాడ్స్‌బీ. దాచి పెట్టమన్నది తెరిచే మనిషికి తాళాలివ్వలేం."

రెక్టర్ గారు ఏదో అనబోయారు. హెస్టర్ గుత్తి ఇచ్చేసింది. "రికార్డులో ఆ మాట కొట్టేయించండి చాలు" అంది.

కొట్టేయించారు. కానీ గోడ మీద ఏం చెక్కాలో చెప్పడానికి ఊళ్ళో వేరే దిక్కులేదు. రెండేళ్ళు హెస్టర్ వడ్రంగి దుకాణంలో కూర్చుని, కళ్ళు మూసుకుని, లేని ఈకతో గాల్లో దుమ్ము దులిపింది. "ఇక్కడ దానిమ్మ. కాదు, ఇంకాస్త కింద. పగిలి ఉంటుంది, గింజలు లెక్కకు తొమ్మిది. ఈ ఆకు వెనక వేలు పెడితే నత్త తగలాలి." కింద నిలబడేవాళ్ళకి ఆ నత్త రెండున్నర వందల ఏళ్ళలో ఎప్పుడూ కనపడలేదు. ఫోటోలోనూ పడేది కాదేమో.

యాభై ఏడు సెప్టెంబరులో కొత్త గోడని ఫోటో తీయడానికి రెక్టర్ గారు ఏరికోరి ఒకరికి జరిగినదంతా, నత్త సంగతితో సహా, ఉత్తరం రాశారు. మిస్ వెన్నింగ్ వచ్చింది. జుట్టు నెరిసింది. ఉద్యోగం పోయాక ఇన్నేళ్ళూ ఒక పళ్ళ డాక్టరు దగ్గర రోగుల పేర్లు రాసుకుంటూ గడిపిందట. కెమెరా అదే, తోలు పెట్టె అదే.

హెస్టర్ గుమ్మం బయటే నిలబడింది. మిస్ వెన్నింగ్ ఆగి, ఒక్కటే అడిగింది. "నత్త ఎక్కడుంది?"

"ఎడమ పక్క, దానిమ్మ పైన మూడో ఆకు వెనక. నిచ్చెన వేసుకోవాలి."

ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. క్షమించానని అనలేదు. హెస్టర్ అడగనూ లేదు.

ఒంటిగంటకు మిస్ వెన్నింగ్ నా దుకాణంలోకి వచ్చింది. పెట్టెను కింద పెట్టలేదు, కుర్చీలో పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, మూత మీద ఎడమ చెయ్యి ఆనించి కూర్చుంది. కిటికీ దగ్గర బల్ల నుంచి హెస్టర్ అది చూసింది. నాకు ఏం చేయాలో తోచక కప్పు పెట్టి, పాల కూజా ఎత్తాను.

"పాలు పోయకు డాట్" అంది హెస్టర్. "ఆవిడ పాలు లేకుండా తాగుతుంది."

మిస్ వెన్నింగ్ తలెత్తి ఆవిడ వైపు చూసింది. కుడి చేత్తో కప్పు అందుకుంది. ఎడమ చెయ్యి మాత్రం పెట్టె మీదనుంచి తీయలేదు.